కాయిల్ మంచిగనే ఉన్నది, వైరు చూడు

మొన్న శ్రావణంల మూడు రోజులు వరంగల్ కాశిబుగ్గల ఇంటికాడ ఉన్న. ముసురు పట్టింది, ఎటు పోయేటట్టు లేదు. వెనుక రేకుల షెడ్డుల తాడిపత్రి కప్పి పెట్టిన బాపు యెజ్డి బండి కండ్లవడ్డది. తమ్ముడు నెలకోసారి స్టార్ట్ చేసి పెడుతుండె గని ఈ యాడాది వానికి తీరలేదు. ప్లగ్గు తీసి తుడిచిన, పెట్రోల్ల ఆయిల్ కలిపి పోసిన, కిక్కు కొట్టిన. పదిసార్లకు ఒకసారి ఫట్ మంటది, మల్ల ఊకుంటది. తమ్ముణ్ణి కిక్కు కొట్టమని నేను వంగి ప్లగ్ క్యాప్ కాడ వైరు పట్టుకొని కదిలిస్తున్న. మోచేతి దాక జివ్వుమన్నది, చెయ్యి గుంజుకున్న.

ఆ ఎంబడే వాసన వచ్చింది. దగ్గర్ల పిడుగు పడ్డప్పుడు గాలిల ఒక వాసన ఉంటది చూడుండ్రి, గదే, దానికి జరంత కాలిన రబ్బరు, జరంత పెట్రోల్ల కలిపే టూటీ ఆయిల్ పొగ కలిస్తె ఎట్లుంటదో గట్ల. ఓజోన్ అంటరు దాన్ని, కరెంటు గాలిలకెళ్లి దుంకినప్పుడు పుడతది. నాకు మాత్రం అది మా బండ్ల మెకానిక్ ఉస్తాద్ దుకాణం వాసన.

ఉస్తాద్ పోయి అప్పటికి రెండు నెలలు దాటింది. నలభయ్యో దినం చాలీస్వాకు సుత రాలేకపోయిన, సెలవు దొరకలె. ఆ బాధ లోపల ఎక్కడనో ఉన్నది, ఆ వాసనకు ఒక్కసారి పైకి వచ్చింది. అక్కడనే పీట మీద కూసున్న. తమ్ముడు షాక్ గట్టిగ కొట్టిందనుకొని ఉరికి నీళ్లు తెచ్చిండు.

ఉస్తాద్ దుకాణం మండిబజార్ల, రోడ్డు మీద కాదు, లోపలికి ఒక సందుల ఉండె. రెండు చెక్క తలుపులు, ముంగట ఒక యాపచెట్టు. చెట్టు కింద నేల ఏండ్ల సంది ఇంజన్ ఆయిల్ తాగి తాగి నల్లగ సిమెంటు లెక్క గట్టివడ్డది, ఎంత వాన పడ్డా అక్కడ బురద కాకపోయేది. బోర్డు లేదు, పేరు లేదు. ఉస్తాద్ దుకాణం యాడ అంటే రిక్షావాళ్లు సుత తొవ్వ చూపిస్తుండిరి.

మా బాపు పంతులు. నర్సంపేట రోడ్డు మీద గిర్నిబావి దాటినంక ఒక ఊళ్లె స్కూలు. రోజు పొద్దున యెజ్డి మీద పోవుడు, సాయంత్రం వచ్చుడు. ఆ బండికి కిక్కు రాడ్డు, గేరు రాడ్డు ఒక్కటే, కిక్కు కొట్టినంక దాన్నే ముంగటికి మలిపి గేరు ఏస్తరు. సిలిండర్ ఒక్కటే గని సైలెన్సర్లు రెండు. బాపు బండి సందు మొగులకు రాంగనే మా అవ్వ పొయ్యి మీద చాయ్ నీళ్లు పెడుతుండె, చూసే పని లేదు, సప్పుడే చాలు. ఆయితారం పొద్దుగాల బండి ఉస్తాద్ కాడికి తీస్కపోయినప్పుడల్ల బాపు నన్ను ముంగట ట్యాంకు మీద కూసోబెట్టుకొని పోతుండె. జర పెద్దగైనంక ఎండకాలం సెలవులల్ల నేనే రోజు పోతుంటి. బాపు వద్దనలె. చదువుకునే పోరడు గ్రీసుల చేతులు పెడితే ఏందని అవ్వ అంటే, చెయ్యి పని వస్తె యాడనైన బతుకుతడులే అన్నడు.

ఎండకాలం అంటే వరంగల్ల మిర్చి కాలం. ఎనుమాముల మార్కెట్‌కు పోయే బస్తాల లారీలు కాశిబుగ్గలకెళ్లి పోతుంటె గాలే కారంగ ఉంటుండె, తుమ్ముకుంట తుమ్ముకుంట నడిచి మండిబజార్ పోతుంటి. అప్పటికి ఆజంజాహి మిల్లు ఇంక నడుస్తుండె, 1934ల నిజాం కాలంల పెట్టిన మిల్లు అది. మాకు గడియారం అవసరం లేదు, మిల్లు సైరన్ కొడితే పానాలు కింద పెట్టి సద్ది డబ్బాలు ఇప్పుడే. సైరన్, నడుమ నమాజు పిలుపు, పక్కన డెంటింగ్ దుకాణంల సుత్తె సప్పుడు, కిరోసిన్ ట్రేల బోల్టులు గలగల కడిగే సప్పుడు, ఇప్పటికీ కండ్లు మూసుకుంటే అన్ని ఒక్కసారే వినవడతయి.

బండ్లు దొబ్బుకుంట వచ్చినోళ్లు చానమంది ఒక్కటే మాట అందురు, "ఉస్తాద్, కాయిల్ పోయినట్టున్నది, మార్చు." కాయిల్ అంటే బ్యాటరీ కరెంటు వోల్టులు పెంచి వైరు మీదికెళ్లి ప్లగ్గుకు పంపేది. ఉస్తాద్ ఏమనకపోయేది. చెవి మీది పెన్సిల్ తీసి నోట్ల పెట్టుకొని, బండి చుట్టు ఒకసారి తిరిగి, నా దిక్కు చూసి "కాయిల్ మంచిగనే ఉన్నది, వైరు చూడు బేటా" అంటుండె. అప్పటికింక బండి మీద చెయ్యి సుత పెట్టకపోయేది. నూటికి నూరుసార్లు గదే నిజమైందని చెప్పలేను, కాయిళ్లు సుత పోతయి, లోపల చుట్టలు తెగుతయి. గని ముందుగాల చౌకదాన్ని అనుమానించాలె, ఖరీదు దాని మీద చెయ్యి తర్వాత పెట్టాలె, ఇది ఆయన పద్ధతి. కాయిలంటే బాపసోంటి పంతులుకు ఆ నెల ఇంట్ల ఏదో ఒకటి తక్కువ చేసుకోవాలె. వైరంటే గజం ముక్క.

కరెంటు సంగతి ఉస్తాద్ చెప్పినంత మంచిగ నాకు తర్వాత కాలేజీల సుత ఎవ్వరు చెప్పలె. పాయింట్లు, అంటే కాయిల్‌కు కరెంటు కలిపి తెంపే స్విచ్చు, తెరుచుకున్నప్పుడు కాయిల్ల ఏమైతదో పుస్తకంల చదివిన, పరీక్ష రాసిన. ఆయన మాత్రం గిట్ల చెప్పిండు: "బ్యాటరీల ఆరు వోల్టులు. అది మంచి మనిషి, తొవ్వ పట్టి నడుస్తది. కాయిల్లకెళ్లి బయటికి వచ్చినంక పదివేలు దాటుతది. ఇగ అది మస్తీకి వచ్చిన దున్నపోతు. సందు దొరికితే గోడ దుంకుతది. వైరు తోలు దానికి కొట్టం గోడ. గోడల సూదంత బొక్క ఉన్నా ప్లగ్గు దాక పోదు, అక్కడనే ఇంజన్ మీదికి దుంకుతది." వైరు మీది రబ్బరును ఆయన తోలు అనే అంటుండె.

ఆ బొక్క దొరకవట్టే తరీక ఒకటి ఉండె, నా చిన్నతనంల నాకు అన్నిటికంటే ఇష్టమైన పని గదే. పొద్దు గూకేదాక బండిని అట్లనే పెట్టి, చీకటి పడంగనే తలుపులు దగ్గరికేసి, బల్బు బందు చేసి, బండి స్టార్ట్ చేస్తుండె. చెయ్యి కడిగే చెంబుల నీళ్లు తీసి వైరు మీద జరంత చిలకరిస్తుండె. చీకట్ల వైరు మీద సన్నగ నీలం గీతలు పాకుతుండె, మిణుగురులు వరుసగ నడిచినట్టు, టిక్కుటిక్కుమని సప్పుడు, ఆ సప్పుడుకో నీలం చుక్క ఫ్రేము మీదికి దుంకుడు. నేను నోరు తెరుసుకొని చూస్తుంటి. "కనవడ్డదా?" "కనవడ్డది ఉస్తాద్." "యాడ?" నేను వేలు పెట్టబోతే చేతి మీద చిన్న దెబ్బ, "నోటితోని చెప్పు, వేలితోని కాదు." మొన్న షెడ్డుల గా మాటే మర్చిపోయిన.

వైరు మార్చుడు చూస్తే చిన్న పనే. గని ఉస్తాద్ చేస్తుంటె పూజ చేసినట్టే ఉండేది. మా బండి కాయిల్ మూతి నల్లటి బేకలైటు. పాత వైరును పట్టి గుంజకపోయేది, ఎడమ దిక్కు మెల్లగ తిప్పుకుంట తీస్తుండె, లోపల అడుగున మొనదేలిన స్క్రూ ఉంటది, వైరు నడుమ రాగి పోగులల్లకు అది గుచ్చుకొని ఉంటది. ప్లగ్ క్యాప్ల సుత గసోంటి స్క్రూనే. తీసినంక పాత వైరు కొసను నాకు చూపెడుతుండె. పోగులు పచ్చగ చిలుమెక్కి, కొన్ని నల్లగ కాలి, గోటితోని గీకితే పొడి రాలుతుండె. "ఇది బీమారి. లోపటికి అర్ధ అంగుళం పోతే మల్ల మంచిదే ఉంటది చూడు" అని బ్లేడు పెట్టి కోస్తే నిజంగనే లోపల పోగులు తళతళ మెరుస్తుండె. ఒక్కోసారి గంతే పని, కొస కోసి మల్ల తిప్పి ఎక్కిచ్చుడు. పైసలు తీసుకోకపోయేది దానికి. తోలు పగిలిందంటే మాత్రం మొత్తం మార్చుడే, టేపు చుట్టుడు ఆయనకు అసలే పడదు.

కొత్త వైరు కోసేటప్పుడు కొస నిటారుగ ఉండాలె, ఏటవాలుగ కోస్తే స్క్రూ నడిమిట్లకు దిగదు, పక్కకు పోయి రబ్బరులకు ఎక్కుతది. బ్లేడు చుట్టూ ఒక గీత గీసి, విరిచి, ఇగ రాగి పోగులను ఒక్క కోతకు తెంపుతుండె. వైరు ఏడు మిల్లీమీటర్ల లావుది. కాయిల్లకు తోసి కుడి దిక్కు తిప్పుకుంట పోతే ఒక కాడ పట్టు దొరుకుతది, అప్పుడు మెల్లగ గుంజి చూడాలె, రాకుంటే పట్టినట్టు. అన్నిటికంటె ముందు రబ్బరు టోపీలు వైరుకు తొడగాలె, ఒకటి కాయిల్ దిక్కు, ఒకటి క్యాప్ దిక్కు. ఇది మర్చిపోతే అంతా బిగిచ్చినంక మల్ల ఇప్పాలె. నా తోటి పనిపోరడు, అందరం చోటు అంటుంటిమి వాన్ని, ఒక్కటే రోజు మూడుసార్లు మర్చిపోయిండు. ఉస్తాద్ తిట్టలె, మూడుసార్లు వానితోనే ఇప్పిచ్చిండు.

బుల్లెట్ వస్తె ఇంకో తమాష. మార్కెట్ల మిర్చి అడ్తి నడిపే ఒకాయనకు బుల్లెట్ ఉండె. హెడ్‌లైట్ మీది ఆంపియర్ మీటర్ చూపిచ్చి ఉస్తాద్ అంటుండె, తాళం పెట్టి కిక్కు మెల్లగ తొక్కుకుంట సూది చూడు. పాయింట్లు కలిసినప్పుడు సూది ఎడమకు పోతది, తెరుచుకున్నప్పుడు నడుమకు వస్తది. సూది గట్ల ఊగితే కాయిల్లకు కరెంటు పోతున్నట్టు, పాయింట్లు పనిచేస్తున్నట్టు, అంటే తప్పు చానవరకు ఆ తర్వాతనే ఉన్నది, కాయిల్ల గని దాని అవతల గని. ఒక్క పానా పట్టకుంట సగం బండిని తీసేసినట్టే గదా.

మా ఇంట్ల అప్పుడు బ్లాక్ అండ్ వైట్ టీవీ. దూరదర్శన్ల ఆదివారం సినిమా వచ్చే టైముకు సందులకెళ్లి ఏదన్న బండి పోతే టీవీల తెల్ల చుక్కలు వరుసగ పడి గర్ర్ మంటుండె. చుట్టుపక్కల పిల్లలందరు మా ఇంట్లనే కూసుంటరు గదా, ఎవనిదిరా బండి అని ఒకటే లొల్లి. అడిగితె ఉస్తాద్ ఒక క్యాప్ చేతిల పెట్టి చెప్పిండు, దీంట్ల రెసిస్టర్ ఉంటది, ఇది లేని క్యాప్ పెట్టిన బండి రేడియో స్టేషన్ లెక్క, ఊరంతటికి వినిపిస్తది. తర్వాత నేను మీటర్ పెట్టి చూస్తె ఐదు కిలో ఓమ్‌లు చూపెట్టింది. అప్పటికెళ్లి టీవీల చుక్కలు పడితే, ఈ బండికి రెసిస్టర్ క్యాప్ లేదు అని నేను గట్టిగ చెప్తుంటి, ఎవ్వలకు అర్థం కాకపోయేది.

ఒకసారి వైరు దొరకక చోటు ఏదో దుకాణంల కారు వైరు తెచ్చిండు, చూస్తానికి లావుగ, మెత్తగ, రంగుల ఉన్నది. ఉస్తాద్ లేడు, పెండ్లికి పోయిండు. మేమిద్దరం పెద్ద మనుషుల లెక్క ఒక బండికి ఎక్కిచ్చి పంపినం. మరునాడు ఆ బండి ములుగు రోడ్డు మీద ఆగింది, దొబ్బుకుంట తెచ్చిండ్రు. ఉస్తాద్ వైరు కోసి చూపిచ్చిండు, లోపల రాగి లేదు, నల్లటి దారం, కార్బన్ పూసిన దారం. దాంట్లకు స్క్రూ దిగదు, దిగినా దారం తెగుతది. స్క్రూ ఉన్న కాయిల్‌కు రాగి పోగుల వైరే పడాలె. ఆ బండాయనకు ఉస్తాద్ చేతులు జోడిచ్చి మాఫ్ చెయ్యమన్నడు. తప్పు మాది, చేతులు జోడిచ్చింది ఆయన. ఇన్నేండ్లయినా అది తల్చుకుంటె నాకు మనసున పట్టది.

మేడారం జాతర వచ్చే ఏడు మాఘమాసంల దుకాణంల కూసునే జాగ ఉండకపోయేది. రెండేండ్లకోసారి గదా, బండి ఉన్నోడల్ల సమ్మక్క సారలమ్మ కాడికి బండి మీదనే పోతనంటడు. జంపన్న వాగుల బండ్లు దింపి కడిగేటోళ్లు, దాటేటోళ్లు, నీళ్లు ప్లగ్ క్యాప్లకు పోయి ఆగిపోయేటోళ్లు. అందుకని ఉస్తాద్ ముందుగాలనే ప్రతి బండి క్యాప్ మూతికి వేలితోని జరంత గ్రీసు రాసి పంపుతుండె. ఆయన నమాజు చేసే మనిషి, ఆ గ్రీసు రాసేటప్పుడు మాత్రం "అమ్మవార్లు మంచిగ తీస్కపోయి తీస్కరావాలె" అంటుండె. తిరిగొచ్చినోళ్లు బంగారం తెచ్చి పెడుతుండిరి, అదే, బెల్లం. మేం పోరలం జాతర అయినంక పది రోజులు బెల్లంతోనే చాయ్ తాగుతుంటిమి.

ఒక వాన రాత్రి మర్చిపోలేను. బాపు నన్ను వాళ్ల స్కూల్ల ఆగస్టు పదిహేను పండుగకు తీస్కపోయిండు. వచ్చేటప్పుడు వాన, గిర్నిబావి ఇంక రాలేదు, బండి మిస్సింగ్ కొట్టి కొట్టి ఆగింది. రోడ్డు మీద ఒక్క లైటు లేదు, రెండు దిక్కుల మక్క చేన్లు. కప్పలు ఒకటే లొల్లి. చింతచెట్టు కిందికి బండి దొబ్బినం. బాపు జేబుల ఎప్పుడు సగం బ్లేడు ఉంటది, పిల్లల పెన్సిళ్లు చెక్కుతానికి. నన్ను టార్చి పట్టమన్నడు. క్యాప్ తిప్పి తీసిండు, తువ్వాలతోని తుడిచిండు, వైరు కొస అర్ధ అంగుళం కోసిండు, ఉస్తాద్ చేసినట్టే బ్లేడు చుట్టూ తిప్పి మరీ. నా దిక్కు చూసి "నిటారుగ ఉన్నదా?" అని అడిగిండు. బాపు నన్ను ఒక సంగతి అడుగుడు గదే మొదటిసారి. ఉన్నది బాపు అన్న. రెండో కిక్కుకు బండి లేసింది. ఇంటికొచ్చేదాక బాపు వానలనే పాటలు పాడుకుంట నడిపిండు, నేను ఆయన వీపుకు చెంప ఆనిచ్చి కూసున్న, తడిసిన అంగిల నుంచి సుత ఆయన ఒళ్లు వెచ్చగ తాకుతుండె.

తర్వాత బండ్లు మారినయి. పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ డబ్బా ఉన్న సీడీఐ బండ్లొచ్చినయి, కాయిల్, వైరు కలిపి ఒక్కటే పోత పోసినయి వచ్చినయి. వైరు పోతె కాయిల్ మొత్తం మార్చాలె. ఉస్తాద్‌కు అది ఒప్పకపోయేది. అంగుళం ముక్క ఉంచి వైరు కోసి, తల తీసేసిన సన్న స్క్రూ సగం ఇటు సగం అటు దింపి కొత్త వైరు అతికి, మీదికెళ్లి గట్టి ప్లాస్టిక్ పైపు తొడుగుతుండె. సైకిల్ ట్యూబు ముక్క చుట్టనియ్యకపోయేది, ఆ నల్ల రబ్బరుల కార్బన్ ఉంటది, వానకు లీకు కొడతది అని. అట్ల ఎన్ని కాయిళ్లు బతికిచ్చిండో లెక్క లేదు. మైసూరుల యెజ్డి బండ్లు చేసే ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996ల మూతవడ్డదన్న వార్త పేపర్ల వస్తె ఆ పేపరు మడిచి పెట్టుకున్నడు. మిల్లు సుత బందయింది, సైరన్ లేదు. డబ్బాలు ఇప్పే టైము ఎవలిది వాళ్లదైంది.

ఆఖరుసారి కలిసినప్పుడు ఉస్తాద్‌కు చూపు ఆనకపోతుండె. దుకాణం కొడుకు సెల్‌ఫోన్ల రిపేరుకు ఇచ్చిండు, ఆయన యాపచెట్టు కింద కుర్చీ ఏస్కొని కూసుంటుండె. నా గొంతు పట్టి గుర్తువట్టిండు. "పంతులు సాబ్ బండి ఉన్నదా?" అన్నడు. ఉన్నది ఉస్తాద్ అన్న. "వైరు నేనేసిందే గదా, చూస్కో, తోలు ముసలిదైతది" అన్నడు. చూస్త అన్న, చూడలేదు.

అందుకే ఆ మూడు రోజుల్ల రెండో రోజు వానల్నే బయలెల్లిన. మూడు దుకాణాలల్ల కాయిల్ సెట్టు తీస్కోమన్నరు, వైరు విడిగ రాదన్నరు. స్టేషన్ రోడ్డు దిక్కు ఒక పాత దుకాణంల ముసలాయన నిచ్చెన ఎక్కి పైనుంచి ఒక చుట్ట దింపిండు, దుమ్ము తుడిచి "రాగిదే సార్" అని కొస కోసి చూపెట్టిండు. పోగులు తళతళ మెరిసినయి. మీటరు తీస్కున్న, మీటరు చాలదని ఇంకో అర్ధ మీటరు.

ఇంటికొచ్చి పాత వైరు ఎడమకు తిప్పుకుంట తీసిన. తోలు మడత పడ్డ కాడ చర్రె లెక్క పగుళ్లు, ఒక కాడ సూది మొనంత నల్ల చుక్క, కరెంటు దుంకిన జాగ. మీటర్ పెడితే కాయిల్ రెండు దిక్కుల రీడింగు చూపెట్టింది, చుట్టలు తెగలేదు. తమ్ముని బిడ్డె పక్కన కూసొని ఇదేంది అదేంది అని అడుగుతుండె, ఏడో తరగతి. రబ్బరు టోపీలు దానితోనే తొడిగిచ్చిన. వైరు కోసి దాన్నే అడిగిన, "నిటారుగ ఉన్నదా?" వంగి చూసి ఉన్నది అన్నది. ఆక్సా బ్లేడు మందం పెట్టి ప్లగ్గు గ్యాపు సరిచేసిన. నాలుగో కిక్కుకు యెజ్డి లేసింది, రెండు సైలెన్సర్లకెళ్లి పొగ, షెడ్డు రేకులు అదిరినయి, లోపల్నుంచి అవ్వ "మీ బాపు వచ్చినట్టే ఉన్నది" అన్నది, ఎనభై ఏండ్ల మనిషి, చాయ్ నీళ్లు పెట్టమని కోడలుకు చెప్పుడు సుత వినవడ్డది.

పొద్దుగూకినంక మల్ల స్టార్ట్ చేసిన. షెడ్డు తలుపు దగ్గరికేసి బల్బు బందు చేసిన. చెంబుల నీళ్లు బిడ్డె చేతికిచ్చి వైరు మీద జరంత చిలకరియ్యమన్న. ఇద్దరం చీకట్ల వంగి చూస్తున్నం. ఇంజన్ సప్పుడు, రేకుల మీద వాన.

"పెద్దబాపు, ఏం కనవడ్తలేదు" అన్నది.

మంచిగ చూడు అన్న. మల్ల చూసింది. అసలే ఏం లేదన్నది. జరసేపు గట్లనే నడవనిచ్చిన.